పాత సామాను, కొత్త వాకిలి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇంటి ముంగిలిని కొత్తగా తీర్చడమంటే ఒకప్పుడు సంక్రాంతికి ముందు గోడలకు సున్నం కొట్టి, తిన్నెలకు ఎర్రమన్ను పూసి, గడపకు పసుపు రాయడం. ఇప్పుడు ఆ పనిలోకి మరో రెండు సరుకులు వచ్చి చేరాయి. ఒకటి నర్సరీ నుంచి తెచ్చే కుండీ మొక్కలు, రెండోది కూలగొట్టిన ఇళ్ల నుంచి దక్కే పాత సామాను. రోడ్డు వెడల్పుకో అపార్టుమెంటుకో ఒక పాత మిద్దె, ఒక పెంకుటిల్లు పడగొట్టినప్పుడల్లా ద్వారబంధాలు, స్తంభాలు, దూలాలు గుజిరీ అంగళ్లకు చేరుతున్నాయి. మిక్సీ వచ్చాక రోలు, బోరు వచ్చాక కపిల బాన, ట్రాక్టరు వచ్చాక కల్లం గుండు పని లేక పల్లెల్లో ఓ మూలన పడున్నాయి. పట్నానికి కాపురం మార్చిన కుటుంబాలు అమ్మడానికి మనసొప్పక వాటిని వెంట తెచ్చుకుంటున్నాయి. వీటిలో ఏది ముంగిట నిలుస్తుంది, ఏది రెండు వానలకే పుచ్చిపోతుంది, దాని పక్కన ఏ పువ్వు బతుకుతుంది అన్నవాటిని ఇక్కడి ఎండ, నీరు, నేల తేలుస్తాయి. ఏది కొనవచ్చు, ఏది కొనకూడదు అన్నదాంట్లో చట్టానికీ పాత్ర ఉంది.

పూలకు పేరున్న సీమ

వైష్ణవ సంప్రదాయంలో తిరుమలకు పుష్పమండపమని పేరు. రామానుజుల ఆదేశంతో ఆయన శిష్యుడు అనంతాళ్వాన్ కొండ మీద పూలతోట వేసి, చెరువు తవ్వి, స్వామికి మాలల కైంకర్యం చేశాడని చెబుతారు. చెరువు తవ్వుతుండగా సాయానికి వచ్చిన బాలుడి మీదికి ఆయన కోపంతో విసిరిన గునపం స్వామి గడ్డానికి తగిలిందన్న కథ తిరుపతిలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ గునపంగా చెప్పుకునే ఇనుప కడ్డీ ఇప్పటికీ ఆలయ మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతుంటుంది. తోటపని చేసిన పనిముట్టును వాకిట్లో నలుగురి కంటా పడేలా పెట్టడం ఈ ఊళ్లో కొత్తగా పుట్టిన సరదా కాదన్నమాట.

వాడిన పూల విషయంలోనూ తిరుపతికి ఒక పద్ధతి ఉంది. స్వామికి అలంకరించిన పూలను తిరుమలలో ప్రసాదంగా పంచరు. 2021 సెప్టెంబరులో టీటీడీ తన ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తులు చేయించి అమ్మకం మొదలుపెట్టింది. డాక్టర్ వైఎస్ఆర్ ఉద్యాన విశ్వవిద్యాలయం సాయంతో ఎండు పూలను పేర్చి దేవుళ్ల పటాలు చేయించే పనికి కూడా ఆ కాలంలోనే పూనుకుంది. ఇక పూల సాగుకొస్తే కుప్పం, వి.కోట, పలమనేరు, మదనపల్లె వైపు చామంతి, బంతి, గులాబీ పొలాల్లోనే పండి బెంగళూరు, చెన్నై మార్కెట్లకు పోతాయి. అందువల్ల ఇంటికి కావలసిన నారు, పిలకలు దూరం నుంచి తెప్పించుకునే పని లేదు. అయినా చాలా ఇళ్ల ముందు కనిపించేవి తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో వచ్చిన మొక్కలే. వాటి వేళ్ల చుట్టూ ఒండ్రుమట్టి ఉండ గట్టిగా చుట్టుకుని ఉంటుంది. ఇక్కడి ఎండకు ఆ ఉండ ఎండి రాయిలా బిగుసుకుంటే, పైనుంచి పోసిన నీళ్లు పక్కలనుంచి జారిపోతాయే తప్ప లోపలికి దిగవు. మొక్క తెచ్చిన రోజే ఉండను బకెట్టు నీళ్లలో నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా విదిలించి నాటితే సగం మొక్కలు అనవసరంగా చావవు.

కొండ కింద, కొండ పైన

జిల్లాల సరిహద్దులు 2022 ఏప్రిల్ 4న మారాయి. మొక్కల సరిహద్దు మాత్రం పాతదే, మొగిలి ఘాటూ భాకరాపేట ఘాటూ గీసినది. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే మదనపల్లె, పలమనేరు, కుప్పం 700 మీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పగలంతా కాగిన శేషాచలం బండలు రాత్రి కూడా సెగ వదులుతూనే ఉంటాయి. అదే రోజు పలమనేరులో సాయంత్రానికే గాలి చల్లబడుతుంది. పలమనేరు చుట్టం ఇంటి గులాబీని చూసి ముచ్చటపడి తిరుపతి మిద్దె మీద నాటితే మేలో ఆకులు మాడడానికి కారణం అదే. చిత్తూరు పట్నానిది నడిమి పరిస్థితి. అక్కడ నీడ చూసుకుంటే రెండు రకాల మొక్కలనూ ఒప్పించవచ్చు.

వానలోనూ ఇలాంటి తేడా ఉంది. తిరుపతి వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరు మధ్యలో కురిసిన వానకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. ఇంటి ముందంతా బండలు పరిచి, నీరు పోయే వాలు చూడని ముంగిళ్లలో కుండీలు తేలాయి. తొట్టి అడుగున రంధ్రం, నేలకు వీధి వైపు వాలు, గోడ పక్కన ఒక గజం వెడల్పున బండ పరచని మట్టి చోటు ఉంటే ఈ సీమలో మిగతా అలంకరణ నిలుస్తుంది. ఇవి లేకుండా చేసే సింగారం ఒక్క తుపానుకే పోతుంది.

మిగిలిన తొమ్మిది నెలలూ కష్టం నీటికే. వందల అడుగుల లోతు నుంచి వచ్చే బోరు నీళ్లలో ఉప్పులెక్కువ. మట్టి కుండీ అంచున తెల్లటి పొక్కు కట్టడం, కొత్త ఆకు ఈనెలు పచ్చగా ఉండి మిగతా ఆకు పసుపు పడటం దాని గుర్తులు. వానాకాలంలో మిద్దె నీళ్లను డ్రమ్ములకు పట్టి నెలకోసారైనా కుండీలను బాగా తడిపి, పాత ఉప్పు అడుగు రంధ్రం గుండా కారిపోనిస్తే మొక్క తేరుకుంటుంది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు నేరుగా పోయవచ్చు. సబ్బు నీళ్లను మాత్రం అరటి, కొబ్బరి పాదులకు మళ్లించి, పూలకుండీలకు దూరంగా ఉంచడం మేలు. కుప్పంలో 1990ల చివర ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో బిందుసేద్యం పొలాలకు వచ్చింది. అదే సన్నని గొట్టాన్ని పది కుండీలకు కలిపితే, ఇంటివాళ్లు నాలుగు రోజులు ఊరెళ్లినా మొక్కలు వాడవు.

ఇక్కడి ఎర్రమట్టిలో పోషకాలు తక్కువ. తడిస్తే మెత్తబడి, ఎండితే చెక్క కడుతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక గాని కొబ్బరి పొట్టు గాని, కుండీకి గుప్పెడు వేపపిండి కలిపితే చాలా పూలకు సరిపోతుంది. వేరుశెనగ పండే సీమ కాబట్టి కాయల పొట్టు సులభంగా దొరుకుతుంది. మొక్క మొదట్లో రెండంగుళాల మందాన పరిస్తే తడి ఆరదు. తెల్లటి అలంకరణ రాళ్ల సంచి కొని అదే చోట పోసేవాళ్లు ఎండకు మరో పెనం పెడుతున్నట్టే.

గోడ, తిన్నె, ముగ్గు చోటు

మొక్క కొనకముందే గోడ సంగతి చూసుకోవాలి. పూల రంగు కనిపించేది గోడ రంగు మీద. గులాబీరంగు కాగితం పూలు నారింజ గోడ ముందు మాసిపోయినట్టుంటాయి. అవే పూలు సున్నం తెలుపు ముందు అర ఫర్లాంగు దూరానికి కనిపిస్తాయి. ఆలయ ప్రాకారాల మీది తెలుపు, జాజు పట్టెలు ఈ సీమ కంటికి అలవాటైన రంగులు. గోడంతా కాకపోయినా తిన్నె అంచుకో, ప్రహరీ అడుగు భాగానికో జాజు పూస్తే వాన చిందిన మట్టి మరక కూడా కలిసిపోతుంది. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను బయట తగిలించడం మంచి ఆలోచన కాదు. వృక్షజాతి రంగులు ఎండకు వెలుస్తాయి. దాని లతల అంచును గోడ మీద రంగులతో వేయించుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

సిమెంటు గోడకు పడమటి ఎండ సూటిగా తగిలే ఇళ్లలో లత కేవలం అందానికి పెంచేది కాదు. గోడకు జానెడు ఎడంగా తీగలు కట్టి రాధామనోహరం పాకిస్తే గోడకూ ఆకుకూ మధ్య గాలి ఆడుతుంది, లోపలి గది సాయంత్రం కొలిమిలా ఉండదు. లతను నేరుగా గోడకు అంటనిస్తే మాత్రం సున్నం పెచ్చులు లేస్తుంది, చీమలు గూడు కడతాయి.

కొత్త ముంగిళ్లలో తరచూ జరిగే పొరపాటు ఖాళీ వదలకపోవడం. గేటు నుంచి గడప దాకా కుండీలు, చక్రాలు, బొమ్మలు నింపేస్తే ధనుర్మాసం రాగానే ముగ్గుకు చోటుండదు. గుమ్మడిపువ్వు గుచ్చిన గొబ్బెమ్మను ఎక్కడ పెట్టాలో తెలియదు. ఈ సీమలో వాకిలి అంటేనే రోజూ ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసే చోటు. గడప ముందు కనీసం నలుగురు కూర్చునేంత జాగా ఖాళీగా ఉంచి, అలంకరణను దానికి రెండు పక్కలా సర్దితే వాకిలి వాకిలిలానే ఉంటుంది.

ఏ పువ్వు ఎక్కడ

తిరుపతి ఎండకు ఎదురు నిలిచే పూలు కొన్నే. కాగితం పూలు, బిళ్ల గన్నేరు, దేవగన్నేరు, నూరు వరహాలు, శంఖుపువ్వు, టేబుల్ రోజా వాటిలో ముందు వరుస. కాగితం పూల తీగకు నీళ్లు ఎక్కువైతే ఆకులే వస్తాయి. మట్టి పైపొర ఎండి, తీగ కొద్దిగా వాడుముఖం పట్టాక నీళ్లు పోస్తే కొమ్మ కొమ్మకూ పూస్తుంది. గన్నేరు ఎంత ఎండకైనా ఓర్చుకుంటుంది. జాతీయ రహదారుల నడిమి గట్ల మీద దాన్ని నాటడానికి పశువులు ముట్టకపోవడమూ ఒక కారణం. ఆకు, కొమ్మ, గింజ అన్నీ విషమే కాబట్టి పసిపిల్లలున్న ఇంటి ముంగిట దానికి బదులు నందివర్ధనం పెట్టడం తెలివైన పని.

మల్లెకు సంవత్సరంలో ఒకసారి కఠినంగా వ్యవహరించాలి. నవంబరు చివర పొదను మోకాలెత్తుకు కత్తిరించి, ఆకు రాల్చి, కొన్ని వారాలు నీళ్లు తగ్గించి, తర్వాత ఎరువేసి తడిపితే ఫిబ్రవరి చివరి నుంచి మొగ్గలు వస్తాయి. కత్తెర వేయడానికి చేతులు రాని ఇళ్లలో మల్లెపొద గోడంత పెరిగి దోసెడు పూలు కూడా ఇవ్వదు. కనకాంబరానికి సగం నీడ, వెచ్చదనం కావాలి. దాని శత్రువు వేళ్లలో బుడిపెలు కట్టే నులిపురుగు. పక్కన బంతి నాటితే దాని వేళ్లు ఆ పురుగును అణచిపెడతాయి. గింజ కట్టని ఢిల్లీ కనకాంబరాన్ని కొమ్మ నాటి పెంచుకోవాలి.

చామంతి విషయంలో మదనపల్లె, కుప్పం వైపు రైతులకు తెలిసిన కిటుకు పట్నం ఇళ్లలో చాలామందికి తెలియదు. చామంతి రాత్రి పొడవును లెక్కపెట్టుకునే మొక్క. వర్షాకాలం ముగిసి రాత్రులు పొడవయ్యాకే మొగ్గ తొడుగుతుంది. రాత్రంతా వెలిగే వరండా దీపం కిందో, వీధి దీపం సూటిగా పడే ప్రహరీ మీదో పెట్టిన కుండీకి ఆ చీకటి దక్కదు. మొక్క గుబురుగా, ఆరోగ్యంగా ఉంటుంది, మొగ్గ మాత్రం వేయదు. ఎరువు తక్కువైందేమోనని ఇంకా వేస్తారు, అది మరింత ఆకుకే పోతుంది. కుండీని ఇంటి చీకటి పక్కకు జరపడం తప్ప దానికి వేరే మందు లేదు. పూల వ్యాపారులు పాలీహౌసుల్లో దీపాలు వెలిగించి పూతను ఆలస్యం చేసేదీ, నల్ల పట్టా కప్పి త్వరపెట్టేదీ ఈ గుణాన్ని పట్టుకునే.

బంతి అంత మొండిది కాదు. నారు నాటిన రెండు నెలలకు పూస్తుంది. దసరాకు కావాలంటే జులైలో, సంక్రాంతికి కావాలంటే అక్టోబరులో నాటి, నెల తిరిగేసరికి కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. సంపెంగ, పారిజాతం పెద్ద చోటు అడిగే చెట్లు. చిన్న ముంగిళ్లలో వాటి జోలికి పోకపోవడమే మంచిది. తులసికోట దగ్గర దవనం, మరువం చేర్చే అలవాటు పైనేలలో బాగా సాగుతుంది. దవనం చల్లదనం కోరే మొక్క, తిరుపతిలో చలికాలం దాటాక వాడిపోతుంది. అలిపిరి, కపిలతీర్థం వైపు కొండ అంచు ఇళ్లలో కోతులకు మందారం మొగ్గలంటే ఇష్టం. అక్కడ తేలికపాటి కుండీలు దొర్లి పగులుతాయి, బరువైన రాతి తొట్లు నిలుస్తాయి.

మిద్దె మీద పెంచేవారికి బరువు లెక్క ముఖ్యం. ఒక చదరపు మీటరు మేర అర అడుగు మందాన తడి మట్టి పోస్తే రెండున్నర క్వింటాళ్ల దాకా తూగుతుంది. పాత ఇంటి మిద్దెపై నడుమ భాగాన్ని వదిలి, గోడలూ దూలాలూ ఉన్న వరుసల మీదే కుండీలు ఉంచాలి.

పాత సామాను: రాయి, మట్టి, ఇనుము, కొయ్య

అలంకరణకు దొరికే పాత వస్తువుల్లో రాతి సామాను అన్నింటికన్నా నమ్మకమైనది. రోలు, తిరగలి రాళ్లు, కుడితి తొట్టి, కల్లం గుండు, పొలం గట్టున పాతిన రాతి కూసాలు ఎండకూ వానకూ చెక్కుచెదరవు. కూసాలను వరుసగా పాతి నడుమ తీగ లాగితే మల్లె పందిరికి కొయ్య అక్కరలేదు. రోట్లో నేరుగా మొక్క నాటితే వానకు నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. అడుగున రంధ్రం వేయించడానికి గ్రానైటు పనివాళ్లు కావాలి, చిత్తూరు, కుప్పం ప్రాంతాల్లో వాళ్లకు కొదవ లేదు. రంధ్రం వేస్తే రోలు రోలుగా పనికిరాదు కాబట్టి, దాన్ని పిచుకలకు నీళ్ల పాత్రగా ఉంచడం మంచి మధ్యేమార్గం. గ్రానైటు పాలిషింగ్ యూనిట్ల దగ్గర పడివుండే అంచు ముక్కలు నడకదారికి పనికొస్తాయి. నునుపైన ముఖాన్ని కిందికి పెట్టి, గరుకు ముఖాన్ని పైకి పరవకపోతే వానలో కాళ్లు జారతాయి.

మట్టి సామానులో పెంకు చూడవలసిన వస్తువు. మంగళూరు జెప్పులో బాసెల్ మిషన్ పెంకుల ఫ్యాక్టరీ 1865లో మొదలైంది. ఆ తరహా పెంకులు రైళ్ల మీద దక్షిణాదంతా పాకాయి. పాత పెంకును తిప్పి చూస్తే అడుగున ఫ్యాక్టరీ పేరు ఉబ్బెత్తు అక్షరాలతో ఉంటుంది. పేరున్న ముఖం పైకి వచ్చేలా పాదు చుట్టూ సగం పాతితే అంచూ అవుతుంది, ఇంటి వయసూ చెబుతుంది. కప్పు వెన్ను మీద పరిచే వంపు పెంకును బోర్లించడానికి బదులు వెల్లకిలా పెట్టి, రెండు చివరలా మట్టి అడ్డు కడితే టేబుల్ రోజాకు పొడవాటి తొట్టి సిద్ధం. ఊళ్లలో చేత్తో చేసిన గూన పెంకులు ఇంతకన్నా పలుచన, అవి గోడకు వేలాడదీయడానికే తగినవి. కొత్త మట్టి కుండీలు కావాలంటే పలమనేరు టెర్రకోట దగ్గర్లోనే ఉంది. పగిలిన కుండ పెంకులు కూడా పారేయక్కరలేదు, తొట్టి అడుగు రంధ్రం మీద మూతగా వేస్తే మట్టి కారిపోదు.

ఇనుప సామానులో ఈ సీమకు సొంతమైనది బెల్లం పెనం. చెరకు తోటల పక్కన గానుగ ఆడి, రసం కాచే ఆ వెడల్పాటి పళ్లెం మంట తగిలిన చోట ఏళ్ల తరబడి పలచబడి చివరకు చిల్లి పడుతుంది. అప్పుడది పాత ఇనుము తూకానికి పోతుంది. అలాంటి పెనాన్ని తెచ్చి, చిల్లిని సిమెంటుతో పూడ్చి, లోపల తుప్పు గీకి, రెడ్ ఆక్సైడు పూసి నీళ్లు నింపితే కలువల కుంట అవుతుంది. కలువ దుంపను విడిగా ఒక మట్టి మూకుట్లో నాటి అడుగున ఉంచుతారు. ఒక్క జాగ్రత్త: పెనం లోతు తక్కువ, ఇనుము వేడిని పట్టుకుంటుంది. తిరుపతి వేసవిలో నేల మీద పెట్టిన పెనం నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత కాగుతాయి, చేపలు చస్తాయి. సగానికి పైగా నేలలోకి దింపి, చెట్టు నీడ పడేలా చూస్తే నీళ్లు నులివెచ్చగా ఆగుతాయి. దోమపిల్లల్ని తినే గంబూసియా, గప్పీ చేపలు లేకుండా ఏ నీటి అలంకరణా పెట్టకూడదు. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి గిన్నెడు నీళ్లు చాలు. పాత టైర్లకు రంగులేసి పూలు నాటే వాడుకలో ఉన్న ప్రమాదం కూడా ఇదే. టైరు లోపలి వంపులో నీరు నిలవకుండా అడుగున నాలుగైదు చోట్ల కోత వేయాలి. రంగు వెలిసిన టైరంత దీనంగా కనిపించే అలంకరణ మరొకటి లేదన్నది వేరే మాట.

ఇత్తడి గంగాళాలు, రాగి కాగులు ఇంట్లోనే ఉంచడం మేలు. బయట పెడితే చిలుము పడతాయి, పోతే దొరకవు. పెట్టదలిస్తే మొక్కను మట్టి కుండీలోనే ఉంచి, ఆ కుండీని గంగాళంలోకి దించాలి.

కొయ్య సామాను చూడటానికి అన్నింటికన్నా అందం, చెడిపోవడంలోనూ అన్నింటికన్నా ముందు. పాత తలుపు కొనేటప్పుడు మేకుతో మూలల్లో గుచ్చి చూస్తారు. మేకు సులభంగా దిగితే లోపల చెద తిన్నట్టే. వేళ్లతో తడితే గట్టి మోత రావాలి. టేకైతే గీకిన చోట నూనె వాసన వస్తుంది. కింది అంచు తడి తగిలి ముందు పుచ్చుతుంది కాబట్టి తలుపును నేలకు ఆనించకుండా రాతి ముక్కల మీద నిలపాలి. ఊచల కిటికీ చట్రాన్ని ప్రహరీకి బిగించి శంఖుపువ్వు పాకిస్తే అది మళ్లీ పనిలోకి వచ్చినట్టే. ఎడ్లబండి చక్రం సంగతి వేరు. ఎండకు కొయ్య కుంచించుకుపోయి ఇనుప పట్టా వదులవుతుంది, రెండేళ్లలో ఆకులు ఊడతాయి. దాన్ని వరండా నీడలో గోడకు ఆనించి ఉంచడమే సరి. చెక్కిన దూలపు మొనలు, ద్వారబంధాలు విరిగితే బాగు చేయగల చేతులు ఏర్పేడు దగ్గరి మాధవమాలలో ఉన్నాయి. కొయ్య చెక్కడానికి పేరున్న ఊరది.

పాత తలుపుల మీది రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేస్తూ కేంద్రం నియమాలు తెచ్చింది 2016లోనే. అంతకు ముందటి పూతను పొడిగా సాండ్ పేపరుతో రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కింద ఉన్న ఆకుకూరల మడి మీదా పడుతుంది. తడిపి గీకి, పెచ్చులను కాగితంలో పోగుచేసి తీసేయాలి. పెచ్చులు లేవని పాత పూతను అలాగే వదిలి పైన పారదర్శకమైన వార్నిష్ వేస్తే పని తక్కువ, కళ ఎక్కువ.

ఎన్ని పెట్టాలన్నది అభిరుచికి చెందిన ప్రశ్న అయినా కొంత అనుభవం చెప్పే మాట ఉంది. చండీగఢ్‌లో నేక్ చంద్ పగిలిన గాజులు, పింగాణీ, ఫ్యాక్టరీ వ్యర్థాలతో కట్టిన రాక్ గార్డెన్ 1976లో జనానికి తెరుచుకుంది. బార్సిలోనాలో గౌడీ పగిలిన టైలు ముక్కలతో పార్క్ గ్యుయెల్ బెంచీలు పొదిగాడు. తెనాలి శిల్పులు నట్లు, బోల్టులు, పాత ఇనుముతో నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. వీటన్నింటిలో వస్తువు రకరకాలుగా ఉన్నా ఒక చోట ఒకే జాతి సరుకు గుంపుగా ఉంటుంది. ఇంటి ముందు మాత్రం చక్రం ఒకటి, లాంతరు ఒకటి, సైకిలు ఒకటి, తిరగలి ఒకటి చెల్లాచెదురుగా పెడతారు, అది సంత దినం ముగిసిన వీధిలా ఉంటుంది. రాతి సామాను ఒక మూల, పెంకులు ఒక పాదు చుట్టూ, కొయ్య అంతా వరండాలో ఉంటే అవే వస్తువులు కుదురుగా కనిపిస్తాయి. కొండ అంచు ఇళ్లలో ఇంకో లాభం ఉంది: సామాను గుట్టగా పడి లేకపోతే కింద పాములు చేరవు.

చట్టం గీసిన గీత

పాత సామాను కొనేవాళ్లు మూడు చోట్ల ఆగి ఆలోచించాలి. మొదటిది ఎర్రచందనం. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే సహజంగా పెరిగే ఈ చెట్టు కొయ్యను తగిన పత్రాలు లేకుండా కొనడం, తరలించడం నేరం. నల్లగా, బరువుగా ఉన్న స్తంభాన్ని అది ఎర్రచందనమని గొప్పగా చెప్పి అమ్మజూపితే పత్రాలు అడగాలి, లేకపోతే వదిలేయాలి.

రెండోది పురావస్తువులు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, చెక్కడాలు, కళాఖండాలు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటి అమ్మకానికి లైసెన్సు, కొన్ని రకాలకు రిజిస్ట్రేషను తప్పనిసరి. మామూలు రోలుకు ఈ బాధ లేదు. పొలాల గట్లపై నిలిచిన వీరగల్లు, శిథిల గుడి స్తంభం, నాగశిల మాత్రం తోట బొమ్మలు కావు. ఎవరూ పట్టించుకోవడం లేదని ఎత్తుకొచ్చి లాన్‌లో నిలబెట్టడం చట్టరీత్యా తప్పు, ఊరి చరిత్రకు నష్టం. నేల తవ్వుతుంటే బయటపడ్డ నిక్షేపాన్ని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ చెబుతుంది.

మూడోది అడవి మొక్క. నర్సరీల్లో దొరికే సైకస్ ఎక్కువగా జపాను జాతి, దానితో ఇబ్బంది లేదు. శేషాచలం పరిసరాల్లో మాత్రమే పెరిగే సైకస్ బెడ్డోమై వేరు. అంతర్జాతీయ వ్యాపారంలో అత్యంత కట్టుదిట్టమైన రక్షణ జాబితాలో ఉన్న మొక్క అది. కొండ నుంచి తవ్వి తెచ్చి అమ్మేవాళ్ల దగ్గర కొంటే మొక్కా దక్కదు, అడవికీ దెబ్బ.

ఏడాది పొడవునా

ముంగిలిని ఒకసారి తీర్చి వదిలేస్తే ఏడాదికే పాతబడుతుంది. సంక్రాంతి దాటాక బంతి మొక్కలు పీకి, బాగా పూసిన మొక్కల నుంచి ఎండిన పూలు నాలుగు విడిగా గుడ్డలో కట్టి పెట్టుకుంటే జులైకి విత్తనం ఉంటుంది. చామంతి మోళ్లను కోసి నీడకు మార్చి, వేసవంతా పిలకల్ని కాపాడుకుని, జూన్, జులైలో మళ్లీ నాటుకోవాలి. మార్చి నుంచి కుండీలను దగ్గర దగ్గరగా జరిపితే ఒకదాని నీడ మరొకదానికి దక్కి తడి నిలుస్తుంది. మే నెలలో కొత్త మొక్క నాటడం డబ్బు దండగ. ఆ నెలను కొయ్య, ఇనుప సామాను మరమ్మతుకు పెట్టుకోవచ్చు, పూత త్వరగా ఆరుతుంది. సెప్టెంబరులో వానలకు ముందు తొట్ల అడుగు రంధ్రాలను పుల్లతో పొడిచి చూడటం, తలుపులకు అవిసె నూనె పట్టించడం, ఇనుముకు తుప్పు చూసుకోవడం జరగాలి. ఆయుధపూజకు పనిముట్లు కడిగి బొట్లు పెట్టే ఇళ్లలో ముంగిటి పాత సామానును కూడా అదే రోజు దులిపి, చెద పట్టినదాన్ని ఏరి తీసేస్తారు. నవంబరులో మల్లెకు కత్తెర, డిసెంబరులో ముగ్గు చోటు చుట్టూ కుండీలు వెనక్కి జరపడం మిగిలిన పనులు. పూజలో వాడిన పూలు, రాలిన ఆకులు ఒక పాత డ్రమ్ములో మట్టి పొరలతో వేస్తూ పోతే వాన పడ్డాక నాలుగైదు నెలల్లో ఎరువవుతాయి. దారం, ప్లాస్టిక్ జరీ మాత్రం ముందే తీసేయాలి, లేకపోతే మరుసటి ఏడు కుండీలో మొక్కతో పాటు అవీ తేలతాయి.